భోజనం తర్వాత దొలీవా

మా ఆయన చనిపోయాడన్న సంగతి నాకు బొఖ్నియా బజారులో తెలిసింది. ఒక మంగళవారం పొద్దున, ఆయనకే మధ్యాహ్నం కాచిపెట్టాల్సిన పులుసు కోసం క్యాబేజీ బేరమాడుతున్నాను.

ఆ కబురు మోసుకొచ్చింది మందుల షాపు యజమాని భార్య తెక్లా. నల్ల గౌను, నల్ల చేతి తొడుగులు, మెడలో నల్ల ఇనప సిలువ. పద్దెనిమిది వందల అరవై మూడులో రష్యా మీద మా పోలండు వాళ్ళు చేసిన తిరుగుబాటు అణగారిపోయిన నాటి నుంచి మా ఆడవాళ్ళందరి పెట్టెల్లోనూ ఈ సరంజామా సిద్ధంగా ఉంటుంది. చిమటలు పట్టకుండా పొగాకు వేసి దాస్తారు. ఎవరైనా కాస్త పేరున్నవాడు పోతే చాలు, ఊరంతా పొగాకు వాసన.

"అయ్యో పానీ దొలీవా! ఎంత ఘోరం జరిగిపోయిందమ్మా! ఇంత జరిగితే మీరేమో బజారుకొచ్చారు!" పానీ అంటే మాలో 'అమ్మగారు' అని.

"రాకపోతే పులుసెవరు కాస్తారు?" అన్నాను.

"ఏం గుండె తల్లీ మీది!" అని నా మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. క్యాబేజీల వాడు టోపీ తీసి నిలబడ్డాడు. అప్పటిదాకా పైసా తగ్గించనన్న మనిషి, ఉన్నట్టుండి పెద్ద క్యాబేజీ ఒకటి ఊరికే నా బుట్టలో పెట్టాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

"ఎవరు పోయారు తెక్లా? ఏడుపాపి చెప్పు."

ఆవిడ బుట్టలోంచి క్రాకో నగరం నుంచి వచ్చే పత్రిక తీసి చూపించింది. మొదటి పేజీకి చుట్టూ నల్ల గీత. 'కయేతాన్ దొలీవా ఇక లేరు.' జాతి సంకెళ్ళను గానం చేసిన ఆ గొంతు మూగబోయిందట. పేదింటి సోఫా మీద, దీవించిన కొవ్వొత్తి వెలుగులో, ఒక్క మూలుగైనా లేకుండా తుదిశ్వాస విడిచాడట. ఆ చివరి ఘడియను చిత్రకారుడైన మిత్రుడొకరు కన్నీళ్ళతో కాన్వాసు మీదికి ఎక్కించాడట. ఆ చిత్రం క్రాకో ప్రదర్శనశాలలో ఉందట.

ఇరవై నిమిషాల కిందట నేను ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఆ మహానుభావుడు నేల మీద బోర్లా పడుకుని, సోఫా కింద రెండో చెప్పు కోసం వెతుకుతూ పిల్లిని తిడుతున్నాడు.

ఇంటికెళ్ళి పత్రిక ఆయన ముందు పడేశాను. "చచ్చిపోయావట."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

"ఏం జబ్బుతో?"

"జబ్బు రాయలేదు. జాతి దుఃఖంతోనట."

ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. "మొదటి పేజీయా?" అన్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. నేను కాచి ముందు పెట్టిన పులుసు చల్లారిపోయింది. "చూశావా నెల్కా, నా పద్యం పది పంక్తులు వేశారు. ఒక్క అచ్చుతప్పు లేదు. బతికుండగా నా పేరు కూడా సరిగ్గా వేసేవాళ్ళు కాదు."

సంతోషంగా ఉన్నాడు! సైబీరియా నుంచి వచ్చాక ఆ ముఖంలో అంత కళ నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పేరు పెత్రొనెలా, ఆయన నోట నెల్కా. ఇక ఆయన సంగతి కొంచెం చెప్పాలి. వయసులో ఉండగా ఒక పద్యం రాశాడు. సంకెళ్ళ మీద. అడవుల్లో తుపాకులు పట్టుకుని తిరిగిన పిల్లలంతా దాన్ని పాటగా పాడుకున్నారు. ఆ పిల్లల్లో సగం మంది పోయారు. ఈయన్ని రష్యా వాళ్ళు పట్టుకుని, కాళ్ళకు నిజం సంకెళ్ళే వేసి, సైబీరియాకు నడిపించారు. ఏడేళ్ళు ఎదురుచూశాను. మోకాళ్ళు పాడై, పళ్ళు ఊడి తిరిగొచ్చాడు. ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో కాస్త ఊపిరాడుతుందని ఇక్కడ బొఖ్నియాలో కాపురం పెట్టాం.

వచ్చాక ఆయన సంకెళ్ళ మీద ఒక్క పంక్తి రాయలేదు. మోసినవాడికి దాని మీద పద్యం రాయాలనిపించదు. ఊరికే దూరం నుంచి చూసినవాళ్ళకే అలాంటి సరదాలు. ఈయన రాసిందల్లా పెరట్లో తేనెటీగల మీద, పిల్లి మీద, పిండి కలిపేటప్పుడు తెల్లబడే నా మోచేతుల మీద. నేను ఆయన్ని పొగిడే మనిషిని కాను, ఊళ్ళో ఎవరినైనా అడగండి. కానీ ఆ పద్యాలు చదివి నేను వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను. పాతది విని ఏనాడూ ఏడవలేదు.

అలాంటివి ముప్ఫై పోగేసి క్రాకోకు పంపాం. మా పెద్దమనుషుల సాహిత్య సంఘానికి అధ్యక్షుడు ప్రొఫెసర్ ఎరాజ్మ్ బిలీనా గారు. కట్ట అలాగే తిరిగొచ్చింది, పైన ఒక ఉత్తరంతో. 'మహాకవీ, జాతి మీ నుంచి పిల్లులను ఆశించడం లేదు.' ఆ రోజుతో మా ఆయన కలం పక్కన పెట్టాడు. రెండేళ్ళు. తినడం, పడుకోవడం, లేచి మళ్ళీ తినడం.

నాకు కావలసింది ఒక్కటే. ఆ మనిషి ఊపిరితో ఉండగా ఆ పద్యాలు ఎవరో ఒకరు చదవాలి. దానికోసమే జరెంబాను పిలిచాను. లూద్విక్ జరెంబా చిత్రకారుడు, సైబీరియాలో మా ఆయనకు తోడు. బొమ్మ వేసి క్రాకోలో పెడితే, 'ఓహో, దొలీవా ఇంకా ఉన్నాడా, ఇప్పుడేం రాస్తున్నాడు' అని ఒక్కడైనా అడుగుతాడని నా ఆశ. ఆలోచన నాదే. ఎవరినీ అనడానికి లేదు.

జరెంబా జులైలో వచ్చాడు. మూడు రోజులు మూడు కాన్వాసులు పాడుచేశాడు. కుంచె కనిపిస్తే చాలు, మా ఆయన విగ్రహమైపోయేవాడు. గడ్డం పైకి, చూపు తూర్పుకి, చెయ్యి గుండె మీదికి. "మామూలుగా కూర్చోవయ్యా బాబూ!" అని జరెంబా మొత్తుకుంటే, "ఇదే మామూలు" అనేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం కడుపు నిండా తిని సోఫా మీద ఒరిగాడు. ఒరగడమే ఆలస్యం, నిద్ర. ఇంతలో ఉరుములతో వాన. ఉరుములొస్తే ఎవరైనా చేసే పనులే నేనూ చేశాను. ఫిబ్రవరి పండుగకు చర్చిలో దీవింపజేసుకొచ్చిన పెద్ద మైనపు కొవ్వొత్తి వెలిగించాను, పిడుగు పడకుండా. కిటికీ దగ్గర గాలికి ఆరిపోతోందని సోఫా పక్కన పీట మీద పెట్టాను. మెరుపును పిలుస్తుందని అద్దం మీద నా నల్ల శాలువా కప్పాను. కప్పు కారి తడుస్తున్నాడని ఆయన మీద తెల్ల దుప్పటి లాగాను. అదే అవకాశమని జరెంబా సాయంత్రం దాకా కుంచె దించలేదు. గోడ గడియారం కూడా వేశాడు, మూడూ ఇరవై దగ్గర. అది ఆగిపోయి నాలుగేళ్ళయింది.

ఇక మీరే చూడండి. దీవించిన కొవ్వొత్తి, కప్పిన అద్దం, ఆగిన గడియారం, తెల్ల దుప్పటి. పిడుగుకు చేసేవీ చావుకు చేసేవీ మాకు ఒకటే. వాన మాత్రం బొమ్మలో లేదు.

పత్రిక చూసిన మర్నాడే, బుధవారం, రైలెక్కి క్రాకో వెళ్ళాను. "నేనూ రానా?" అని మా ఆయన అడిగాడు. "శవాలకు టిక్కెట్టివ్వరు, కూర్చో" అన్నాను.

ప్రదర్శనశాలలో ఆ బొమ్మకు నల్లగుడ్డ చుట్టి, పైన ఆకుల దండ వేసి, రెండు పక్కలా తాళ్ళు కట్టారు. జనం బారులు తీరి టోపీలు చేత్తో పట్టుకుని ఒక్కొక్కరే వెళుతున్నారు. నేనూ బారులో నిలబడి వెళ్ళాను. అప్పటిదాకా ఆ బొమ్మ పూర్తయ్యాక చూడలేదు.

బాగా వేశాడు పాపిష్ఠివాడు. కొంచెం తెరుచుకున్న నోరు, గీయని గడ్డం, బొజ్జ మీద అల్లుకున్న వేళ్ళు. నుదుటి మీద కొవ్వొత్తి వెలుగు పడి, సైబీరియాలో పడిన ముడతలన్నీ కరిగిపోయినట్టున్నాయి. పెళ్ళయిన కొత్తలో అలా నిద్రపోయేవాడు. ఎవరికీ ఏమీ బాకీ లేని మనిషి నిద్ర. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనకావిడ నా భుజం తట్టి, "ఏడవండమ్మా, జాతంతా ఏడుస్తోంది" అంది. ఆ నీళ్ళు వెంటనే ఆరిపోయాయి.

మూలనున్న జరెంబా నన్ను చూసి స్తంభం వెనక్కి జరిగాడు. చొక్కా పట్టి ఇవతలికి లాగాను.

"ఏమయ్యా, తిన్నింటి మనిషిని చంపుతావా?"

"నేనేం చంపలేదు పానీ పెత్రొనెలా! 'భోజనం తర్వాత' అని చక్కగా పేరు రాసిచ్చాను. ఇక్కడి వాళ్ళు చీటీ తీసేశారు. మహాకవి భోజనం చేశాడని రాస్తే బాగుండదట. కింద కవిగారి ఉత్త పేరే ఉంచారు."

"నోరు లేదూ నీకు?"

"పది రోజులు ఈ బొమ్మ ముందు ఈగ కూడా ఆగలేదండీ. పక్కన గుర్రాల బొమ్మ దగ్గర జనమే జనం. పదకొండో రోజు ఒక ముసలావిడ ఆ కొవ్వొత్తి చూసి దబ్బున మోకాళ్ళ మీద పడి ప్రార్థన మొదలెట్టింది. మర్నాటికి ఇదిగో, ఇలా. ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను. నా బొమ్మ ముందు టోపీ తీసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. ఎలా చెప్పమంటారు?"

తల దించుకున్నాడు. ఆ తల మీద గొడుగుతో ఒకటిచ్చి బిలీనా గారింటికి వెళ్ళాను.

ప్రొఫెసర్ గారు నా చెయ్యి ముద్దు పెట్టుకుని, కుర్చీ చూపించి, గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపే చెప్పేశాను. "మా ఆయన బతికే ఉన్నాడు. నిన్న రెండు గిన్నెల పులుసు తాగాడు."

ప్రొఫెసర్ గారు నిజమని అర్థమయ్యాక లేచి వెళ్ళి తలుపు వేశారు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా అమ్మగారూ?"

"బజారులో చెప్పాను. నమ్మలేదు."

"దేవుడి దయ!" అని కూలబడ్డారు. "రేపు గురువారం ఏం జరగబోతోందో మీకు తెలుసా? పొద్దున పెద్ద చర్చిలో పూజ. సాయంత్రం సంతాప సభ. ల్వూఫ్ నుంచి, పోజ్నాన్ నుంచి ప్రతినిధులు రైళ్ళలో ఉన్నారు. పాటల బృందం వారం నుంచి సాధన చేస్తోంది. నా ఉపన్యాసమే నలభై రెండు పేజీలు."

"ఆయన పోయాడన్న పేజీ ఒక్కటి తీసేయండి."

"అమ్మా, మిగతా నలభై ఒక్క పేజీలూ ఆ పేజీ మీదే నిలబడ్డాయి."

కోపంగా ఏమీ అనలేదు. చాలా మర్యాదగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పారు. దొలీవా గారి సంపూర్ణ కవిత్వం అచ్చువేయాలని సంఘం తీర్మానించిందట. బంగారు అంచుల పుస్తకం. అందులో కొత్త పద్యాలు కూడా వేస్తారట, పిల్లితో సహా.

"రెండేళ్ళ కింద తిప్పి పంపారుగా?"

"బతికున్న కవివి ఏరి వేస్తాం. పోయినవారివి అన్నీ వేస్తాం. అది మా ఆనవాయితీ. అంచేత దొలీవా గారు కాస్త... ఎలా చెప్పను... బయట తిరగకుండా ఉంటే."

"ఎన్నాళ్ళు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

ఇవాళ నన్ను నేను తిట్టుకునేది ఇక్కడే. ఆ పూట 'సరే' అని ఉంటే పద్యాలు అచ్చయ్యేవేమో. కానీ నాకు పొగరు. సమాధి మీద పెట్టే పుస్తకం నాకెందుకు? చదివినవాళ్ళు ఆయన ముఖంలోకి చూసి 'బాగుందయ్యా' అనాలి. అది నాకు కావాలి. "రేపు ఆయన్ని తీసుకొస్తాను. సభలో ఆయన తన కొత్త పద్యం చదువుతాడు. మీరే జనానికి చెప్పండి" అన్నాను.

బిలీనా గారు క్షణం ఆలోచించి, చిరునవ్వు నవ్వి, మళ్ళీ నా చెయ్యి ముద్దు పెట్టుకున్నారు. "తప్పకుండా తీసుకురండి. ఇంతకంటే భాగ్యమేముంది?" అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొహం వేలాడేశాడు. "ఎందుకు నెల్కా? ఉండనీ అలాగే. బతికుండి నేను చేస్తున్న పనేముంది కనక?"

"అదే చేయమంటున్నాను. లే, గడ్డం గీసుకో."

గురువారం సాయంత్రం నాలుగింటికి సభ. హాలు నిండా నల్ల గౌన్లు, పొగాకు వాసన. వేదిక మీద బొమ్మ, దాని ముందు పూలదండల గుట్ట. మా ఆయన మొదటి వరసలో, తన ఒకే ఒక్క నల్ల కోటులో, నా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా తన బొమ్మ. ఇద్దరినీ మార్చి మార్చి చూడడానికి మెడ కూడా తిప్పక్కర్లేదు. అయినా ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. అందరూ బొమ్మనే చూస్తున్నారు.

నలభై రెండు పేజీలూ విన్నాం. 'ఆయన ఏనాడూ తిండి మీద ధ్యాస పెట్టలేదు' అన్న చోట నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సిగ్గుపడకుండా తలాడించాడు.

చివర్లో బిలీనా గారు కళ్ళజోడు తీసి, "ఇప్పుడు దొలీవా గారి కుటుంబం నుంచి విచ్చేసిన ఒక పెద్దాయన రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు. అంతే. పేరు లేదు. నేను లేవబోతుంటే మా ఆయన నా మోకాలు మీద చెయ్యి వేసి, తనే లేచి వేదిక ఎక్కాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"కప్పు కారుతోంది. కింద బాల్చీ పెట్టింది నా భార్య.
చుక్క పడిన ప్రతిసారీ పిల్లి తలెత్తి చూస్తోంది.
ఏడేళ్ళు నాకు కప్పన్నదే లేదు.
కారే కప్పు ఎంత గొప్పదో పిల్లికేం తెలుసు?"

హాల్లో ఎవరో దగ్గారు. నా వెనక ఒకాయన పక్కవాడిని, "ఏ బాల్చీ?" అని అడిగాడు.

మా ఆయన కాగితం మడిచాడు. గడ్డం పైకెత్తలేదు, గుండె మీద చెయ్యి వేసుకోలేదు. మా పెరట్లో నిలబడి నాతో మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఇది నేను రెండేళ్ళ కింద రాసింది. కయేతాన్ దొలీవాని నేనే. పొరపాటు జరిగింది. నేను బతికే ఉన్నాను."

అబ్బ, అయిపోయిందనుకున్నాను. అర్థమైందనుకున్నాను. అప్పుడు పైన మెట్ల మీద కూర్చున్న విద్యార్థి ఒకడు దిగ్గున లేచి అరిచాడు. "బతికే ఉన్నాడు!"

ఇంకొకడు అందుకున్నాడు. "మన గుండెల్లో బతికే ఉన్నాడు!"

హాలు హాలంతా లేచింది. "దొలీవా బతికే ఉన్నాడు! దొలీవా బతికే ఉన్నాడు!" నల్ల చేతిరుమాళ్ళు ఊపుతున్నారు. ఒకరినొకరు కావలించుకుంటున్నారు. పాటల బృందం అదే అదనుగా పాత పద్యం ఎత్తుకుంది, సంకెళ్ళది. మూడొందల మంది ఏడుస్తూ పాడుతున్నారు.

నేను కుర్చీ ఎక్కి అరిచాను. "ఒరే మూర్ఖుల్లారా! అదిగో ఆయనే! వెళ్ళి ముట్టుకుని చూడండి! వెచ్చగా ఉంటాడు!" ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నన్ను మెల్లగా కిందికి దించి, ఘాటు మందు వాసన చూపించారు. "పాపం, భార్య కదా" అనుకున్నారు.

వేదిక మీద మా ఆయన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. మొదట తెల్లబోయాడు. తర్వాత, నా కళ్ళతో చూశాను, ఆయనా పాడాడు. మూడో చరణం జనానికి సరిగ్గా రాదు. ఆయనే అందించాడు.

సభ అయ్యాక ఒక రాజా వారి భార్య నల్ల విసనకర్ర ఊపుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. "మీరు తమ్ముడా అన్నా? పోలికలు బాగా ఉన్నాయి. మీ పద్యం కూడా... ముచ్చటగా ఉంది. కానీ చూడండి, ఆయనలో నిప్పుండేది. మీరేం బాధపడకండి, అది అందరికీ రాదు."

మా ఆయన వంగి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. "నిజమేనండి. నాకూ ఆయనంటే ఎప్పుడూ కొంచెం కుళ్ళే."

రైల్లో బొఖ్నియా వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "వెచ్చగా ఉంటాడట! కుర్చీ ఎక్కి చెప్పావు నెల్కా!" నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ రాత్రంతా వాళ్ళనీ నన్నూ కలిపి తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున లేచి చూస్తే ఆయన బల్ల దగ్గర ఉన్నాడు. సిరా అడిగాడు.

"ఏమిటి విశేషం?" అన్నాను.

"ఇక నా నుంచి ఎవరూ ఏమీ ఆశించరు కదా" అన్నాడు.

తొమ్మిదేళ్ళు రాశాడు. ఉల్లిపాయల మీద, మోకాళ్ళ నొప్పి మీద, చనిపోయిన పిల్లి మీద, తెక్లా మీద కూడా ఒకటి. రాసినవన్నీ వంటింట్లో నాకు చదివి వినిపించేవాడు. నేను కూర తరుగుతూ వినేదాన్ని. "బాగుంది" అంటే నమ్మేవాడు కాదు, "ఉప్పు తక్కువైంది" అంటే దిద్దేవాడు. ఆ తొమ్మిదేళ్ళూ నాకు దక్కాయి. అది కాదనను.

క్రాకోలో బంగారు అంచుల పుస్తకం వచ్చింది. అందులో పిల్లి లేదు, బాల్చీ లేదు. బొఖ్నియా జనం కళ్ళ ముందు రోజూ ఆయన తేనెపెట్టెల దగ్గర తిరుగుతున్నా, పత్రికలో వచ్చిందే ఖాయం చేసుకున్నారు. ఈయన తమ్ముడట. అన్నగారు ఇంకా పొడుగని తెక్లా అందరికీ చెప్పేది. నేను ఐదుసార్లు పద్యాలు కట్టకట్టి సంఘానికి పంపాను. ఐదోసారి బిలీనా గారి తర్వాత వచ్చిన అధ్యక్షుడు, ఆయనకు నిజం తెలియదు పాపం, ఇలా రాశాడు. 'దివంగతుని సోదరుని ప్రయత్నం అభినందనీయమే. కానీ అన్నగారి పేరు సంతకంగా వాడుకోవడం సంస్కారం కాదు.'

ఎనభై ఐదు ఫిబ్రవరిలో ఆయనకు ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. ఎనిమిది రోజులు. చివరి రోజు నా మోచెయ్యి పట్టుకుని పడుకున్నాడు. ఈసారి నోరు మూసే ఉంది. జాతి దుఃఖం ఏమీ లేదు. దగ్గు, జ్వరం, ఒక శుక్రవారం తెల్లవారుజామున అంతే.

శ్మశానానికి నలుగురం వెళ్ళాం. నేను, ఫాదర్ గారు, తెక్లా, ముసలివాడైపోయిన జరెంబా. జరెంబా ఒక్కడే వెక్కి వెక్కి ఏడ్చాడు. అతన్ని తిట్టడానికి నాకు ఓపిక లేకపోయింది.

సోమవారం నాడు సంచీలో పద్యాలన్నీ పెట్టుకుని క్రాకో రైలెక్కాను. నూట పన్నెండు. పత్రిక వాళ్ళకు చావు కబురు ఇచ్చి, అలాగే పద్యాలు కూడా చూపిస్తే, పోయాడు కాబట్టి ఇప్పుడైనా చదువుతారని. పోయినవారివి అన్నీ వేస్తామని బిలీనా గారు నోటితో చెప్పారుగా. అప్పుడు కాలదన్నినదాన్ని నేనే. ఇప్పుడు చెయ్యి చాచడానికి నాకు సిగ్గేమీ లేదు.

ప్రకటనల బల్ల దగ్గర బట్టతలాయన ఒకరు ఉన్నారు. మంచివాడు. నా నల్ల గౌను చూసి లేచి కుర్చీ వేశాడు. కలం ముంచి, "పేరు చెప్పండమ్మా" అన్నాడు.

"కయేతాన్ దొలీవా."

కలం ఆగింది. "కవిగారా? ఆయన డెబ్బై ఆరులోనే పోయారు కదమ్మా. మొదటి పేజీ. నేనే అచ్చుకిచ్చాను."

"అది తప్పు. మొన్న శుక్రవారం పోయారు."

ఆయన నన్ను జాలిగా చూశాడు. కాసేపటికి ఏదో తట్టినట్టు, "ఓ! ఆయన తమ్ముడుగారా? బొఖ్నియాలో ఉండేవారట కదా, విన్నాను. అయ్యో. తప్పకుండా వేస్తానమ్మా, వెనక పేజీలో. ఆ తమ్ముడుగారి పేరేమిటి?" అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. బొఖ్నియాలో అడగలేదు, సంఘంలో అడగలేదు, ఆ రాజా వారి భార్య అడగలేదు. ఆ బట్టతలాయన కలం ముంచి పట్టుకుని కాచుక్కూర్చున్నాడు. నోటికొచ్చిన పేరేదో చెబితే రెండు పంక్తులు పడేవి. మా ఆయన పోయాడని ఈ దేశంలో ఒక్క కాగితం మీదైనా ఉండేది.

నేను సంచీ తీసుకుని లేచాను. ఆయన తలుపు దాకా వచ్చి, మెట్లు జాగ్రత్తమ్మా అన్నాడు.